నైరోబీ ఎండ – మన ఇళ్ళకు అది ఎంతవరకు ఉపయోగం?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, "భాయ్, సోలార్ గురించి ఒక అరగంట మాట్లాడండి, మన వాళ్ళందరూ అడుగుతున్నారు" అన్నారు. ఎందుకు అడుగుతున్నారో నాకు తెలుసు. ఒకరి ఇంటికి ఎవరో ఏజెంటు వచ్చి లక్షల షిల్లింగుల కొటేషన్ ఇచ్చి వెళ్ళాడు. ఇంకొకరు టీవీలో చూసి చిన్న కిట్టు కొన్నారు. మరొకరు "నైరోబీలో ఎండ ఎక్కడుంది, ఏడాదిలో సగం మబ్బే కదా" అంటున్నారు. ఈ మూడు మాటలకూ లెక్కతో జవాబు చెప్పాలని నా ప్రయత్నం. చివర్లో సంఘం ముందు ఒక ప్రతిపాదన కూడా పెడతాను. దయచేసి ఓపికగా వినండి.

మన ఊరు ఎక్కడుంది?

గుంటూరు, కర్నూలు, హైదరాబాదు వైపుల నుంచి వచ్చిన మనకు ఎండ అంటే వెంటనే మే నెల గుర్తుకొస్తుంది. చెమట, వడగాడ్పు, మాడిపోయే రోడ్లు. ఇక్కడ అదేమీ లేదు కనుక ఎండే లేదనుకుంటాం. వేడి వేరు, వెలుతురు వేరు. సోలార్ పలకకు కావలసింది వెలుతురు. వేడి దానికి శత్రువు. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా సులువుగా తెలుస్తుంది.

నైరోబీ భూమధ్యరేఖకు దక్షిణాన 1 డిగ్రీ 17 నిమిషాల దూరంలో ఉంది. సముద్ర మట్టానికి సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉంది. ప్రతి వెయ్యి మీటర్లు పైకి పోయేకొద్దీ గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. ఆ లెక్కన సముద్రం ఒడ్డున ఉండవలసిన వేడి కంటే మన ఊళ్ళో పదకొండు డిగ్రీల దాకా తక్కువ. భూమధ్యరేఖ పక్కనే ఉండి కూడా మనం జూలైలో స్వెట్టర్లు వేసుకోవడానికి కారణం ఇదే. ఇలాంటి ఊళ్ళు ప్రపంచంలో మరికొన్ని ఉన్నాయి. దక్షిణ అమెరికాలో ఈక్వెడార్ రాజధాని కీటో 2,850 మీటర్ల ఎత్తున, కొలంబియా రాజధాని బొగోటా సుమారు 2,600 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మన పొరుగున ఇథియోపియాలో అడిస్ అబాబా కూడా కొంతవరకు ఈ జాతిదే.

ఎత్తు సంగతి మన ఆడవాళ్ళకు నాకంటే బాగా తెలుసు. ఇక్కడ కుక్కర్ లేకుండా కందిపప్పు తొందరగా ఉడకదు. గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదానిలో 82 శాతమే ఉండడం వల్ల నీళ్ళు ఇక్కడ 94 డిగ్రీలకే మరిగిపోతాయి. అదే పలుచని గాలి సూర్యకాంతిని కొంచెం ఎక్కువగా కిందికి దిగనిస్తుంది. మబ్బు లేని రోజున ఈ లాభం కొద్ది శాతమే, అయినా లాభమే. దీనికి నష్టం కూడా ఉంది. అతినీలలోహిత కిరణాలు కూడా ఎక్కువగా దిగుతాయి. అందుకే కప్పు మీద పడేసిన మామూలు ప్లాస్టిక్ గొట్టాలు, వైర్ల తొడుగులు ఇక్కడ త్వరగా పెళుసెక్కి విరిగిపోతాయి. సోలార్ పని చేయించుకునేవారు ఎండకు తట్టుకునే వైరే వేయమని గట్టిగా చెప్పాలి.

పన్నెండు గంటల పగలు

రంజాను ఏ ఋతువులో వచ్చినా మనకు రోజా పొడవు ఇంచుమించు ఒకటే. లండన్‌లో ఉన్న మన బంధువులకు ఆ సౌకర్యం లేదు. వేసవిలో రోజా వస్తే వాళ్ళ అవస్థ మనకు ఫోన్లలో తెలుస్తూనే ఉంటుంది. నైరోబీలో ఏడాది మొత్తం మీద అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా పది నిమిషాలకు మించదు.

సోలార్ దృష్టితో చూస్తే ఇది చాలా పెద్ద వరం. లండన్‌లో డిసెంబరులో పడే సూర్యశక్తి జూన్‌లో పడేదానిలో ఎనిమిదో వంతో పదో వంతో ఉంటుంది. అక్కడ డిసెంబరుకు సరిపడా పలకలు పెడితే జూన్‌లో చాలా భాగం వృథా అవుతాయి, జూన్‌కు సరిపడా పెడితే డిసెంబరులో చీకటే. మన ఊళ్ళో అంత హెచ్చుతగ్గు లేదు. ఏడాది సగటున ఒక చదరపు మీటరు నేల మీద రోజుకు సుమారు 5.3 యూనిట్ల సూర్యశక్తి పడుతుంది. ఫిబ్రవరిలో అది 6 దాటుతుంది, జూలైలో 4 దగ్గరకు దిగుతుంది. ఆశ్చర్యం ఏమిటంటే, ఏడాది మొత్తం కలిపి చూస్తే మండిపోయే హైదరాబాదుకూ, చల్లని నైరోబీకీ వచ్చే వెలుతురులో పెద్ద తేడా లేదు.

పైగా అదే పలక ఇక్కడ మెరుగ్గా పనిచేస్తుంది. సోలార్ పలక శక్తిని 25 డిగ్రీల వేడి దగ్గర కొలిచి చీటీ అంటిస్తారు. అంతకు మించి వేడెక్కిన ప్రతి డిగ్రీకి మూడో వంతు శాతం పైచిలుకు ఉత్పత్తి తగ్గుతుంది. ఎండలో పలక తన చుట్టూ ఉన్న గాలి కంటే 25, 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. హైదరాబాదులో మే నెల 40 డిగ్రీల ఎండలో పలక వేడి 68 దాకా పోతుంది, అంటే ఉత్పత్తి 15 శాతం దాకా పడిపోతుంది. మన 24 డిగ్రీల మధ్యాహ్నంలో ఆ నష్టం 9, 10 శాతంతో ఆగిపోతుంది. మనకు కోటు వేసుకోవలసిన చలి పలకకు హాయి.

పలక ఏ వైపు తిప్పాలి?

ఇండియాలో చదువుకున్న మన కుర్రవాళ్ళు, "పలక దక్షిణానికి తిరగాలి" అని బట్టీ పట్టి ఉంటారు. అది అక్కడి మాట. ఇక్కడ సూర్యుడు సగం ఏడాది ఉత్తరంగా, సగం ఏడాది దక్షిణంగా నడుస్తాడు. నైరోబీ నుంచి ఖిబ్లా దాదాపు ఉత్తరమే, కొంచెం తూర్పుకు మొగ్గి ఉంటుంది. కనుక దీన్ని గుర్తుపెట్టుకోవడం మనకు చాలా తేలిక. జూన్ నెల జుహర్ వేళకు ఖిబ్లా వైపు నిలబడితే సూర్యుడు మన ముందు ఉంటాడు, నీడ వెనక్కి పడుతుంది. డిసెంబరులో సూర్యుడు వీపు వైపు ఉంటాడు, నీడ ముందుకు పడుతుంది. మార్చి 17 ప్రాంతంలో, సెప్టెంబరు 26 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. ఆ మధ్యాహ్నాలలో నీడ కాళ్ళ కిందనే ఉండిపోతుంది. పిల్లలు ఒక కర్ర పాతి చూడవచ్చు.

దీనివల్ల తేలేది ఏమిటంటే, మన ఊళ్ళో పలకను దాదాపు చదునుగా పెట్టవచ్చు. పూర్తిగా చదునుగా పెడితే దుమ్ము, నీళ్ళు నిలుస్తాయి కాబట్టి వాన తనంతట తాను కడిగిపోయేలా 10, 15 డిగ్రీల వాలు ఉంటే చాలు. ఆ కొద్ది వాలు ఏ దిక్కుకు ఉన్నా నష్టం ఏ రెండు మూడు శాతమో. మీ మబాటి రేకుల కప్పు తూర్పు పడమరలుగా ఉందని ఎవరైనా ఇనుప చట్రాలు కట్టి దిక్కు తిప్పాలని చెప్పి వేలు గుంజబోతే, అవసరం లేదని చెప్పండి.

దిక్కు కంటే నీడ ముఖ్యం. ఇక్కడ ఉత్తరం వైపు లేచిన భవనం జూన్‌లో నీడ వేస్తుంది, దక్షిణం వైపుది డిసెంబరులో వేస్తుంది. పార్క్‌లాండ్స్‌లోనూ, ఈస్ట్‌లీలోనూ పాత బంగళాల పక్కన పది పన్నెండు అంతస్తులు లేస్తున్నాయి. పలకలు పెట్టేముందు నాలుగు వైపులా చూడాలి. పక్క స్థలం ఖాళీగా ఉంటే, రేపు అక్కడ ఏం కడతారో కూడా వాకబు చేసుకోవాలి. సొంత కప్పు మీది నీళ్ళ ట్యాంకు నీడ పలక మూల మీద పడినా ఆ వరుస మొత్తం ఉత్పత్తి తగ్గవచ్చు.

మొదట వేడి నీళ్ళు

ఇప్పుడు ఇంటి లెక్కకు వద్దాం. సోలార్ అంటే అందరికీ ముందు గుర్తుకొచ్చేది కరెంటు, బ్యాటరీ, టీవీ. నా మనవి, మొదట వేడి నీళ్ళ సంగతి చూడండి.

మన ఇళ్ళలో చాలామందికి స్నానాల గదిలో ఇన్‌స్టంట్ షవర్ ఉంది. చూడడానికి చిన్న తలకాయ, తాగేది మాత్రం 5 కిలోవాట్ల దాకా. ఒక మనిషి ఎనిమిది నిమిషాలు స్నానం చేస్తే యూనిట్‌లో మూడింట రెండు వంతులు ఖర్చు. అయిదుగురున్న ఇంట్లో రోజుకు మూడు యూనిట్ల పైన, నెలకు 100 యూనిట్లు. మీ ఇంటి ఫ్రిజ్జు, దీపాలు, టీవీ అన్నీ కలిపి తినేదానికి ఇది తక్కువేమీ కాదు. ఫజర్ వుజూకు గోరువెచ్చని నీళ్ళు కావాలని ముసలివాళ్ళు అడుగుతారు. జూన్, జూలై, ఆగస్టులలో తెల్లవారుజామున 11, 12 డిగ్రీల చలిలో ఆ కోరిక న్యాయమైనదే.

సూర్యుడితో నీళ్ళు కాచుకోవడానికి పెద్ద విద్య అక్కరలేదు. నల్లటి పలక గాని, గాజు గొట్టాలు గాని ఎండను పట్టుకుంటాయి. వేడెక్కిన నీరు తేలికై తనంతట తాను పైనున్న ట్యాంకులోకి ఎక్కుతుంది, చల్లనిది కిందికి దిగుతుంది. మోటారు కూడా అవసరం లేదు. ట్యాంకు చుట్టూ మందపాటి తొడుగు ఉండడం వల్ల సాయంత్రం కాగిన నీళ్ళు మరునాడు ఫజర్‌కు కూడా వెచ్చగా ఉంటాయి. మన ఊళ్ళో నీరు గడ్డకట్టే చలి రాదు కనుక యూరప్‌లో వాడే ఖరీదైన ఏర్పాట్లు ఇక్కడ అనవసరం.

లెక్క చూడండి. 150 లీటర్ల నీళ్ళను 18 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు కాచాలంటే సుమారు ఆరున్నర యూనిట్ల వేడి కావాలి. రెండు చదరపు మీటర్ల నీటి పలక మీద సగటున రోజుకు పదిన్నర యూనిట్ల ఎండ పడుతుంది. అందులో సగం నీళ్ళకు చేరుతుందనుకుంటే అయిదు యూనిట్ల పైచిలుకు. అంటే అవసరంలో 80 శాతం. మబ్బుల జూలైలో 60 శాతం. మిగతాదానికి ట్యాంకులో ఉన్న కరెంటు కడ్డీ వేసుకోవచ్చు. దాన్ని ఎప్పుడూ వేసి ఉంచకుండా, మబ్బు రోజున మాత్రం సాయంత్రం గంటసేపు వేస్తే సరిపోతుంది.

ఈ దేశ ప్రభుత్వం కూడా దీని విలువ గుర్తించింది. 2012లో తెచ్చిన నిబంధనల్లో, రోజుకు 100 లీటర్లకు మించి వేడి నీళ్ళు వాడే కట్టడాలు ఆ అవసరంలో కనీసం 60 శాతం సూర్యుడి నుంచే తీర్చుకోవాలని రాశారు. మనం వేసుకున్న లెక్క కూడా ఇంచుమించు అక్కడికే వచ్చిందని గమనించండి.

ఒక హెచ్చరిక. బోరు నీళ్ళు వాడే అపార్ట్‌మెంట్లలో ఉప్పు, సున్నం పొరలు గొట్టాలలో పేరుకునే ప్రమాదం ఉంది. అలాంటి చోట ఏ రకం హీటరు తీసుకోవాలో, ఎంతకాలానికొకసారి కడగాలో ముందే అడిగి రాయించుకోండి.

తరువాత కరెంటు

ఒక కిలోవాట్ సామర్థ్యం గల పలకలకు సుమారు 5 చదరపు మీటర్ల కప్పు చాలు. పోగొట్టుకునేవన్నీ పోను నైరోబీలో అది సగటున రోజుకు 4 యూనిట్ల పైన ఇస్తుంది, జూలైలో 3 చిల్లర ఇస్తుంది. నీళ్ళ కాపు తీసేస్తే, ఫ్రిజ్జు, దీపాలు, టీవీ, బట్టల మిషను, ఇస్త్రీ అన్నీ కలిపి ఒక మామూలు కుటుంబానికి రోజుకు 4, 5 యూనిట్లు అవుతుంది. అంటే 2 కిలోవాట్ల పలకలు పెట్టుకున్న ఇల్లు జూలైలో కూడా తన అవసరాన్ని గట్టెక్కించుకోగలదు. అలాంటి ఇంటికి 8, 10 కిలోవాట్లు అమ్మజూపితే దేనికోసమో ఆలోచించండి. మిగిలిన కరెంటును లైనులోకి పంపి జమ చేసుకునే పద్ధతిని 2019 ఇంధన చట్టం గుర్తించింది, దానికి నియమాలు 2024లో వచ్చాయి. అయినా ఆ జమ మీద ఆశపెట్టుకుని పెద్ద యంత్రం కొనడం కంటే, మన వాడకానికి సరిపడా కొనుక్కోవడమే మంచిది.

ఇక్కడ చాలామంది మోసపోయే ఒక సంగతి చెప్పాలి. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపి పెట్టే సోలార్, కరెంటు పోయినప్పుడు తాను కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసే కార్మికుడికి షాకు తగలకుండా అలా తయారు చేస్తారు. 2023 ఆగస్టు 25 రాత్రి దేశమంతా చీకటైన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. విమానాశ్రయం సైతం చీకట్లో పడింది. ఆ ఏడాది నవంబరులోనూ, డిసెంబరులోనూ మళ్ళీ అలాగే జరిగింది. "కరెంటు పోయినా మా ఇంట్లో దీపం ఉండాలి" అనుకునేవారికి బ్యాటరీ తప్పదు. బిల్లు తగ్గితే చాలు అనుకునేవారికి బ్యాటరీ లేకపోయినా పరవాలేదు, అయితే వాళ్ళు ఫ్రిజ్జు తప్ప మిగతా వాడకమంతా, అంటే బట్టలుతకడం, ఇస్త్రీ, నీళ్ళ మోటారు, పగటివేళకు మార్చుకోవాలి. ఈ రెంటిలో మీకు ఏది కావాలో మీరు తేల్చుకున్నాకే ఏజెంటును పిలవండి.

బ్యాటరీలలో పాత సీసం రకం చవక. పూర్తిగా ఖాళీ చేస్తూ వాడితే రెండు మూడేళ్ళకే చస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం ఖరీదెక్కువ, సరిగా వాడితే పదేళ్ళ దాకా వస్తుంది. పలకలు 25 ఏళ్ళు పనిచేస్తాయి. కనుక కొటేషన్‌లో ప్రతి వస్తువుకూ విడిగా ఎన్నేళ్ళ గ్యారంటీ అని చూడాలి.

ఈ పద్ధతి మన ఊళ్ళో కొత్త కాదు. గిగిరిలో ఐక్యరాజ్యసమితి వారు 2011లో ప్రారంభించిన కార్యాలయ భవనం కప్పు మీద 500 కిలోవాట్ల పైచిలుకు పలకలున్నాయి. స్ట్రాత్‌మోర్ విశ్వవిద్యాలయం 2014లో 600 కిలోవాట్లు పెట్టుకుంది. పెద్ద సంస్థలు లెక్కలు వేసుకోకుండా డబ్బు పెట్టవు. ఈ దేశపు కరెంటులో ఎక్కువ భాగం ఓల్కారియా భూగర్భ ఆవిరి నుంచి, నీటి నుంచి, గాలి నుంచి వస్తుంది. కాబట్టి ఇక్కడ సోలార్ పెట్టుకోవడంలో పొగ తగ్గించడం కంటే, బిల్లు తగ్గడం, దీపం ఆరకపోవడం అనేవే ఇంటివారికి ముఖ్యమైన లాభాలు.

డబ్బు సంగతి

ధరలు నెలనెలా మారుతుంటాయి కనుక ధరలకు బదులు లెక్క కట్టే దారి చెబుతాను. మీ టోకెన్ మెసేజీ తీసి, చెల్లించిన షిల్లింగులను వచ్చిన యూనిట్లతో భాగించండి. పన్నులు, సర్‌చార్జీలతో కలిపి మీకు యూనిట్ ఎంత పడుతోందో తెలుస్తుంది. ఉదాహరణకు 28 షిల్లింగులు పడుతోందనుకుందాం. సోలార్ హీటరు నెలకు 70 యూనిట్లు మిగిల్చితే 1,960 షిల్లింగులు. హీటరు, పని కూలీ అన్నీ కలిపి ఒక లక్ష అయిందనుకుంటే, 51 నెలల్లో, అంటే నాలుగేళ్ళ మూడు నెలల్లో పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. ఆ పైన వచ్చేదంతా మిగులు. కొటేషన్ రెండు లక్షలంటే ఎనిమిదిన్నరేళ్ళు. అప్పుడు బేరమాడాలో మానుకోవాలో మీరే చెప్పగలరు. ఒంటరిగా ఉండే బ్రహ్మచారి, రోజుకు ఒక్క స్నానం చేసేవాడు, ఈ లెక్క వేసుకుంటే అతనికి అది గిట్టదని తెలిసిపోతుంది.

వాయిదాల మీద కొనేవారికి ఒక మాట. ఫోనులో ఎం-పెసా ద్వారా రోజుకు కొంత కట్టి సోలార్ కిట్టు సొంతం చేసుకునే పద్ధతి 2012 నుంచి ఈ దేశంలో బాగా వ్యాపించింది. కరెంటు లేని పల్లెల్లో కిరోసిన్ బుడ్డి పోవడానికి అది చాలా ఉపకరించింది. కాని మనం రెండు ప్రశ్నలు అడగాలి. నగదుకు ధర ఎంత? వాయిదాలన్నీ కలిపితే ఎంత? ఆ తేడా మొదటే తేల్చి చెప్పిన అమ్మకపు ధరా, లేక ఆలస్యమైన కొద్దీ పెరిగే వడ్డీయా? రెండవదైతే మనకు అది తగదు. సందేహం ఉంటే మౌలానా సాహెబును అడగండి. 2008 నుంచి ఈ నగరంలో షరియా పద్ధతిలో నడిచే బ్యాంకులు కూడా ఉన్నాయి.

పని చేసేవారి సంగతి కూడా చూడాలి. సోలార్ కరెంటు పని చేసే సాంకేతికులకు ఇంధన నియంత్రణ సంస్థ, ఎప్రా, లైసెన్సు ఇస్తుంది. చిన్న పనికి ఒక తరగతి, ఇంటి పనికి ఒకటి, లైనుకు కలిపే పనికి మరొకటి. "నీ లైసెన్సు చూపించు బాబూ" అని అడగడానికి మొగమాటం అక్కరలేదు. కప్పు మీద వైరు సరిగా బిగించకపోతే నిప్పంటుకుంటుంది.

అద్దె ఇళ్ళ వారి మాటేమిటి?

ఇంతసేపూ సొంత కప్పు ఉన్నవారి గురించి చెప్పాను. ఈ హాలులో సగానికి పైగా అద్దె ఫ్లాట్లలో ఉన్నవారే అని నాకు తెలుసు. కప్పు యజమానిది, బిల్లు మనది. హీటరు పెడితే లాభం అద్దెకున్నవాడికి, ఖర్చు యజమానికి. అందుకే ఆయన ముందుకు రాడు. దీనికి ఒక్కొక్కరు విడివిడిగా వెళ్ళి అడిగితే పని కాదు. ఒకే భవనంలో ఉన్న ఆరు కుటుంబాలు కలిసి, "మీరు హీటర్లు పెట్టించండి, నెలకు ఇంత చొప్పున మేము అద్దెతో కలిపి ఇస్తాం" అని లిఖితపూర్వకంగా అడిగితే, ఆయనకు పెట్టుబడి తిరిగి వచ్చే దారి కనిపిస్తుంది. నెలకు 2,000 మిగిలే చోట 1,200 ఇచ్చినా మనకు 800 లాభమే.

అద్దెకున్నవారిలోనే మరీ బీదగా ఉన్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఒక గది, రేకు కప్పు, జూలై చలి. వాళ్ళు రాత్రిపూట బొగ్గు జికోను గదిలోకి తెచ్చుకుని తలుపు వేసుకుంటారు. నీళ్ళు కాగుతాయి, గది వెచ్చబడుతుంది. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ ఊళ్ళో చలికాలంలో ఇలాంటి వార్త వినని వారు లేరు. తల్లులారా, చెల్లెళ్ళారా, ఈ ప్రసంగంలో మిగతా లెక్కలన్నీ మరచిపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మండుతున్న జికోతో తలుపు మూసిన గదిలో పడుకోవద్దు. తెలిసినవాళ్ళకు కూడా చెప్పండి.

సంఘం ముందు ప్రతిపాదన

అధ్యక్షా, నా ప్రతిపాదన మూడు భాగాలు.

ఒకటి. సంఘం నిధిలో కొంత భాగాన్ని ఖర్జె హసనాగా, అంటే వడ్డీ లేని అప్పుగా, వేడి నీళ్ళ హీటర్లకు కేటాయించాలి. నెలకు మిగిలే 2,000 షిల్లింగులే తిరిగి కట్టే వాయిదా అయితే, అప్పు తీసుకున్నవారి జేబు మీద కొత్త భారం పడదు. నాలుగేళ్ళ పైచిలుకులో అది తిరిగి వచ్చి మరో ఇంటికి పోతుంది. పది ఇళ్ళతో మొదలుపెడితే, వచ్చే వాయిదాలతోనే ఏడాదికి ఇంకో రెండు ఇళ్ళకు ఇవ్వవచ్చు. ముందు ముసలివాళ్ళు, పసిపిల్లలు ఉన్న ఇళ్ళకు ఇవ్వాలి.

రెండు. విడివిడిగా ఏజెంట్ల చేతుల్లో పడకుండా, కావలసినవారందరి పేర్లూ రాసుకుని సంఘం తరఫున ఒకేసారి కొటేషన్లు పిలవాలి. ఇరవై హీటర్లు ఒకేసారి కొంటామంటే ధర దిగుతుంది, గ్యారంటీ మాట కూడా గట్టిగా ఉంటుంది.

మూడు. ఫారం ఫోర్ పూర్తయి ఖాళీగా ఉన్న మన కుర్రవాళ్ళలో ఇద్దరు ముగ్గురిని సోలార్ పని నేర్చుకుని లైసెన్సు పరీక్షకు పంపాలి. ఆ ఫీజు సంఘం భరించాలి. వాళ్ళకు బతుకుతెరువు దొరుకుతుంది, మనకు రాత్రి పదింటికి ఫోను చేస్తే వచ్చే మనిషి దొరుకుతాడు.

దీనికి అభ్యంతరాలు కూడా వస్తాయి. నిన్న ఒక పెద్దాయన నాతో, "సంఘం డబ్బు ఫీజులు కట్టలేని పిల్లలకు, వితంతువులకు గాని, హీటర్లకా?" అని అడిగారు. ఆయన అడిగింది ధర్మమే. ఆ ఖర్చుల నుంచి ఒక్క షిల్లింగు కూడా తీయమని నేను అనడం లేదు. జకాత్ సొమ్ము జోలికి అసలే పోవద్దు, దాని హక్కుదారులు వేరు. సభ్యుల చందాలలో ఏడాది చివర మిగిలి బ్యాంకులో ఊరికే కూర్చునే మొత్తం గురించే నేను మాట్లాడుతున్నాను. అప్పుగా పోయి తిరిగి వచ్చే డబ్బు అది. మరొకరు, "తిరిగి కట్టకపోతే?" అన్నారు. ప్రతి అప్పుకూ ఇద్దరు సభ్యుల జామీను పెట్టుకుందాం. హీటరు కప్పు మీదే ఉంటుంది, ఎక్కడికీ పోదు.

చివరగా ఒక మాట. నీళ్ళు నది ఒడ్డున ఉన్నా వుజూలో వృథా చేయవద్దని మనకు చిన్నప్పటి నుంచి నేర్పారు. ఎండ విషయంలోనూ అదే మర్యాద పాటించాలి. ఊరికే వస్తోంది కదా అని పది కిలోవాట్ల యంత్రం కొని సగం వాడకుండా వదిలేయడం కూడా ఇస్రాఫే. మొదట ఎల్‌ఇడి దీపాలు మార్చండి, కారే కుళాయి బాగుచేయించండి, తరువాత వేడి నీళ్ళు, ఆ తరువాత కరెంటు. ఈ వరుసలో పోతే ఎవరూ నష్టపోరు.

ప్రతిపాదన మీద చర్చ భోజనాల తరువాత ఉంటుందని కార్యదర్శిగారు చెప్పారు. వచ్చేటప్పుడు మీ చివరి మూడు నెలల టోకెన్ మెసేజీలు ఫోనులో తెరిచి పెట్టుకుని రండి. ఎవరి ఇంటి లెక్క వారితోనే కూర్చుని వేద్దాం.